కుడి చేతి ఉంగరం

మా మేడం పోయిన సంగతి నాకు మా పీజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దేవరకొండలో మా కాలేజీ స్టాఫ్‌రూంలో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. ఫోను అదేపనిగా మోగుతుంటే ఎవరిదో పుట్టినరోజు అనుకుని చాలాసేపు చూడలేదు. చూసేసరికి మేడం ఫోటో, దాని కింద వరసగా పూలు, జోడించిన చేతుల బొమ్మలు. సగం మంది 'ఓం శాంతి' అని పెట్టారు. సగం మంది 'ప్రభువు నందు నిద్రించారు' అని పెట్టారు. ఒకతనైతే ముందు మొదటిది పెట్టి, కాసేపటికి అది తీసేసి రెండోది పెట్టాడు. పోయాక కూడా మేడంను ఏ వరసలో నిలబెట్టాలో మావాళ్లకు తేలలేదన్నమాట. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. పేపర్లు కట్టగట్టి బీరువాలో పెట్టి, ప్రిన్సిపాల్‌కు చెప్పి బస్టాండుకు నడిచాను.

చదివేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. మేడం మహనీయురాలు అని రాయడానికి నేను కూర్చోలేదు. అట్లా రాస్తే ఆమెకే నచ్చదు. ఆమెకు కోపం ముక్కు మీద ఉండేది. క్లాసులో ఆవలిస్తే బయటికి పంపేది. ఎవరి జవాబుకూ 'బాగుంది' అనేది కాదు, 'సరే, కూర్చో' అనేది. ఆ 'సరే' కోసం మేం రెండేళ్లు చచ్చాం. చాక్‌పీసు ముక్క జడలో చెక్కుకుని మరిచిపోయి, అట్లాగే కూరగాయల మార్కెట్టుకు వెళ్లేది. బస్సెక్కితే టికెట్టు తీసుకున్న మరుక్షణం నిద్రపోయేది, దిగే చోటు రాగానే ఎవరూ లేపకుండానే లేచేది. ఆమె గురించి నాకు బాగా తెలిసినవి ఇట్లాంటివే. అందుకని వాటితోనే మొదలుపెడుతున్నాను.

తెలంగాణ వచ్చిన తర్వాతి ఏడు నేను నల్లగొండలో ఇంగ్లీషు ఎమ్మేలో చేరాను. మాది చిట్యాల దగ్గర ఒక చిన్న ఊరు, గొర్లు కాసే ఇల్లు. ఇంగ్లీషు చదువుతానంటే మా బాపు, "గొర్లకు ఇంగ్లీషు వస్తదా బిడ్డా" అని నవ్వాడు గానీ ఆపలేదు. మేడం మాకు అమెరికా నవల చెప్పేవారు. సిలబస్‌లో ఒక నవల ఉండేది. దాని పేరు ఇక్కడ రాయను. సిలబస్ మారింది, ఇప్పుడు దాన్ని ఎవరూ చదవడం లేదు. కథ మాత్రం చెప్పాలి, అది చెప్పకపోతే మేడం అర్థం కారు.

నల్లజాతి ఇంట్లో పుట్టిన ఒక పిల్ల. ఒళ్లు మాత్రం తెల్లగా ఉంటుంది. తల్లినీ ఊరినీ వదిలేసి దూరపు పట్నానికి పోయి తెల్లవాళ్లలో కలిసిపోతుంది. గడియారాల దుకాణం నడిపే ఒక తెల్లాయనను పెళ్లి చేసుకుంటుంది. ఆమె పుట్టుక ఆయనకు తెలియదు. ఆయన తొడిగిన ఉంగరం వేలికి ఉన్నంతసేపూ ఆమెను ఎవరూ ఏమీ అడగరు. రైల్లో మంచి పెట్టెలో కూర్చుంటుంది, హోటల్లో కిటికీ పక్కన కూర్చుంటుంది. ఏడాదికోసారి దొంగచాటుగా తల్లిని చూడబోతూ ఉంగరం తీసి రుమాలు కొసకు ముడేసుకుంటుంది. చివరిసారి పోయినప్పుడు ఆ ఉంగరం తల్లి వంటింట్లో పిండి డబ్బా మీద ఉండిపోతుంది. బోసి వేలితో భర్త ఎదురుగా వచ్చి నిలబడుతుంది. నవల అక్కడ ఆగిపోతుంది.

మేమంతా గైడు చదివి వచ్చినవాళ్లం. ఉంగరం దేనికి గుర్తు అని అడిగితే, బానిసత్వానికి, అబద్ధపు బతుకుకు అని అందరం ఒకే గొంతుతో చెప్పాం. మేడం బల్ల మీద పుస్తకం బోర్లా పెట్టారు.

"గైడంటే వేరేటోడు నమిలి ఉమ్మిన ముద్ద. అది తిని కడుపు నిండిందంటున్రు మీరు. ఆ మొగడు ఆమెను ప్రేమించిండా లేదా?"

"ప్రేమించిండు మేడం."

"ఆమె ఆయన్ను?"

"ప్రేమించింది."

"మరి ఉంగరం అబద్ధమెట్లయితది? అబద్ధం ఎక్కడున్నదో దేవులాడున్రి. ఉంగరానికి నోరు లేదు. చూసేటోళ్లే మాట్లాడుతరు, పేరు మాత్రం దానికి వెడ్తరు."

నాకు నోరు ఆగదు. లేచి అన్నాను, "గొర్లకు రంగు పూసినట్టు మేడం. ఎవరి మందదో తెలవాలని పూస్తం. ఆ రంగు చూసి పక్క మందోడు జోలికి రాడు." క్లాసు గొల్లుమంది. మేడం నవ్వలేదు.

"వానకు ఆ రంగు కడుక్కపోతే?"

"చెవి కోసి ఇంకో గుర్తు వెడ్తం మేడం. అది పోదు."

ఆమె నా వైపు కొంచెంసేపు చూసి, "ఈ పిల్ల చెప్పింది గైడుల లేదు, రాసుకోన్రి" అన్నారు. రెండేళ్లలో నాకు దక్కిన పెద్ద బిరుదు అదే. ఆమె నన్నెందుకు అట్లా చూశారో అప్పుడు నాకు తెలియదు.

ఆ నెలలోనే హాస్టల్లో సీటు పోయి రోడ్డున పడితే మేడమే తను ఉండే ఇంట్లో కింద వెనకగది ఇప్పించారు. ఇంటావిడను అందరం ఓనరమ్మ అనేవాళ్లం. మేడం కంటే పాతికేళ్లు పెద్ద, భర్త పోయిన మనిషి, కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. మేడం, వాళ్ల సారు పైపోర్షన్లో ఉండేవారు. సారు సూర్యాపేటలో కరెంటు ఆఫీసులో పనిచేసి శనివారాలు వచ్చేవారు. నేను గది చూడడానికి పోయినప్పుడు ఓనరమ్మ నా పేరు అడగలేదు.

"మీరేమోళ్లు బిడ్డా?" అంది.

"గొల్లోళ్లం అమ్మా."

"మంచిదే. గొర్ల వాసన మాత్రం తేకు" అని నవ్వి తాళంచెవి ఇచ్చింది. మేడం పక్కనే నిలబడి గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. ఆ క్యాలెండరులో అంత చూడదగ్గది ఏముందో అనుకున్నాను.

ఆదివారాలు మేడం రామన్నపేట అవతల ఉన్న అత్తగారి ఊరికి పోయేవారు. నేను చిట్యాలలో దిగేదాన్ని కాబట్టి చాలాసార్లు ఒకే బస్సు. ఒకరోజు, సారు రాని వారం, నార్కట్‌పల్లి దాటాక మేడం నిద్రపోలేదు. నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి హ్యాండ్‌బ్యాగ్ లోపలి రెక్సిన్‌కు అంటించారు. కాలి మట్టెలు తీసి చిన్న పర్సులో వేశారు. కుడి చేతి వేలి నుంచి ఉంగరం తిప్పి తిప్పి తీసి ఎడమ చేతికి పెట్టుకున్నారు. ఇవన్నీ ఎంత అలవాటుగా చేశారంటే, బస్సెక్కితే కొంగు సర్దుకుంటాం చూడండి, అట్లా. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు.

"ఏంది మేడం ఇది?" అన్నాను.

"కుడి చేతికి కాలనీ, ఎడమ చేతికి చర్చి" అన్నారు, కిటికీలోకి చూస్తూ. "నువ్వన్న రంగు గిదే."

మా దిక్కు హిందువుల పెళ్లిలో ఉంగరం పెడితే కుడి చేతికే. ఎడమ చెయ్యి ఏ శుభానికీ ముందుకు రాదు. చర్చిలో పెళ్లయితే ఎడమ చేతి ఉంగరం వేలికి తొడుగుతారు. ఈ తేడా మామూలుగా ఎవరికీ పట్టదు గానీ ఇల్లు కిరాయికిచ్చేవాళ్లకు పడుతుంది. నల్లగొండకు వచ్చిన కొత్తలో మేడం, సారు ఒక ఇల్లు చూశారట. అన్నీ కుదిరాయి. ఆ ఇంటామె చాయ్ కూడా పెట్టింది. మేడం ఎడమ చేత్తో సాసరు పట్టుకున్నారు. ఇంటామె ఉంగరం వైపు చూసి, "పెండ్లి ఉంగరమా? మీ దిక్కు ఎడమ చేతికి వెడ్తరా?" అని అడిగింది. మర్నాడు సామాన్లతో పోతే, మా బిడ్డ వస్తాంది, ఇల్లు ఖాళీ లేదు అంది. ఆ బిడ్డ ఏడాదైనా రాలేదని మేడం తర్వాత కనుక్కున్నారు. చదువుకున్న మనిషి కదా, ఆధారం లేకుండా ఏదీ నమ్మదు.

రెండో ఇల్లు ఓనరమ్మది. అక్కడికి పోయేముందు ఉంగరం కుడి చేతికి మారింది. ఓనరమ్మ అదే ప్రశ్న అడిగింది, ఏమోళ్లు బిడ్డా అని. మేడం నోరు తెరిచారు. ఈలోపు సారు, "కాపోళ్లమమ్మా" అనేశారు.

"ఇన్నేండ్ల సంది పాఠాలు చెప్తున్న, గా ఒక్క ప్రశ్నకు జవాబు నాకెల్లి రాలే" అన్నారు మేడం ఆ రోజు బస్సులో. "ఆయన అబద్ధమాడిండు అనలేను. నేను పక్కనే నిలవడి నోరు మూసుకున్న. మేం మాదిగోళ్లం. ఊర్ల అందరికి తెలుసు. ఒక్క ఆ కాలనీకే తెల్వదు."

ఎవరికీ చెప్పకు అని ఆమె నాతో అనలేదు. అనకపోవడమే నాకు నచ్చింది. చిట్యాల వచ్చింది, దిగిపోయాను.

సారు చెప్పిన ఆ ఒక్క మాట మీద ఒక బంధుత్వం పెరిగింది, అదే చిక్కు. రోజూ సాయంత్రం ఓనరమ్మ మోకాళ్లు పట్టుకుని పైకి మెట్లెక్కేది, మేడం చేతి చాయ్ తాగడానికి. "పంతులమ్మా, మా కోడలు చేసేది చాయ్ కాదు, పాలనీళ్లు" అనేది. మేడంకు చిన్నప్పుడే తల్లి పోయింది. ఓనరమ్మ ఆమె తలకు నూనె పెట్టేది, పేను చూసేది, ఇంగ్లీషు పంతులమ్మకు పేలా అని ఎగతాళి చేసేది. మేడంకు టైఫాయిడ్ వస్తే దవాఖానలో పక్కన కూర్చుని జావ తాగించింది కన్నకూతురికి చేసినట్టే. అదే మనిషి అదే నోటితో, వీధి చివర ఒకాయన తన ఇల్లు ఎవరికో కిరాయికిచ్చాడని తెలిసి, "గసుంటోళ్లకిస్తే ఇల్లు మైలవడదా" అనేది. మేడం గిన్నెలు కడుగుతూ వినేవారు. నేను కింద గదిలోంచి వినేదాన్ని.

నాకు ఒళ్లు మండేది. ఒకసారి అన్నాను, "చెప్పేయున్రి మేడం. ఉంటే ఉంటరు, పోతే పోతరు." వయసులో ఉన్నవాళ్ల సలహాలు అట్లాగే ఉంటాయి.

"ఇల్లు పోతదని కాదు" అన్నారు మేడం. "ఆ అమ్మ నా తలకు నూనె వెడ్తది గదా. ఆ ప్రేమ నాదా, ఆ కాపు పంతులమ్మదా? గదే తెల్వాలె నాకు. తెలుసుకోవాలంటే భయమైతాంది."

ఆమె బతుకులో అసలు తగాదా ఇదొక్కటే. మిగిలినదంతా, ఉద్యోగం, పాఠాలు, సారుతో కాపురం, సాఫీగానే నడిచాయి. ఇల్లు కట్టుకున్నాక చెబుదామని సారు అంటుండేవారు. ఏడాదికేడాది అట్లా జరిగిపోయింది.

నా చదువు అయిపోయి, అక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో చెబుతూ అదే గదిలో ఉంటున్నప్పుడు సారు పోయారు. సూర్యాపేటలో ఆఫీసు మెట్ల మీద కూలిపోయారు, గుండె. అక్కడి నుంచే ఊరికి తీసుకుపోయి మర్నాడు పూడ్చారు. నేను వెళ్లాను. ఓనరమ్మకు మాత్రం ఊర్లో అన్నీ అయిపోయాయని మేడం ఫోను చేసి చెప్పారు. ఆమె చిన్నబుచ్చుకుంది గానీ, "పాపం, ఏ హాలతుల ఉన్నదో" అని మళ్లీ తనే సర్దుకుంది.

రెండు వారాలకు మేడం తిరిగొచ్చారు. వచ్చిన రోజు సాయంత్రం నేను అన్నం, చారు తీసుకుని పైకి పోయాను. మేడం అలవాటు కొద్దీ చాయ్ పెడుతున్నారు. నుదుట బొట్టు లేదు. కాళ్లకు మట్టెలు మాత్రం ఉన్నాయి, ఉంగరం కుడి చేతికే ఉంది. కాలనీలో అడుగుపెట్టేముందు బస్సులో చేతులు వాటంతట అవే ఆ పని చేసి ఉంటాయి. ఓనరమ్మ చిన్న గిన్నెలో కొబ్బరినూనె పట్టుకుని వచ్చింది. వెనకాలే వచ్చిన ఇద్దరు పక్కింటివాళ్లను కిందికి పంపి తలుపు దగ్గరకేసింది. నేను మూలన ఉన్నా పొమ్మనలేదు.

"బిడ్డా, మీ ఊరోళ్లు మట్టెలు తియ్యకనే పంపిన్రా నిన్ను" అంది. "నలుగురి ముందర వద్దు. నేనే తీస్త, మెల్లగ. మా ఆయన పోయిన్నాడు నా గాజులు రాయివెట్టి కొట్టిన్రు మా అత్తగారోళ్లు. పెంకు గుచ్చుకున్న గీత ఇంక ఉన్నది చూడు. నిన్ను గట్ల కానియ్య."

ఆ పెద్ద మనిషి మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చుని మేడం పాదం తన ఒళ్లోకి తీసుకుంది. నూనె రాసి మట్టెలు తీసింది, ఒక్కొక్క వేలూ నిమురుతూ. మేడం ఏడుస్తున్నారు, కాలు మాత్రం లాక్కోలేదు. నేను అప్పుడు మేడం ముఖం చూసి, ఇక ఈమె ఎప్పటికీ చెప్పదు అనుకున్నాను. అంత ప్రేమగా కాలు పట్టుకున్న మనిషితో ఎవరు మాత్రం ఏం చెప్పగలరు. ఓనరమ్మ మట్టెలు పక్కన పెట్టి కుడి చెయ్యి అందుకుంది.

"ఇది గూడ ఆయన వెట్టిందే గదా. తీస్త."

మేడం చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఉంగరం తనే తీశారు. మేమిద్దరం చూస్తుండగా ఎడమ చేతికి పెట్టుకున్నారు.

"మట్టెలు నీ కోసం పెట్టుకున్నయి అమ్మా, తీసుకో. ఇది తియ్య. మా చర్చోళ్లల్ల మొగడు సచ్చినా ఉంగరం తియ్యాలని లేదు. మేం కాపోళ్లం కాదు. మాదిగోళ్లం. చర్చిల పెండ్లయింది మాకు. ఆయనను కాలవెట్టలే, పూడ్చిపెట్టినం. అందుకే నిన్ను రమ్మనలే."

క్లాసులో చెప్పినట్టే చెప్పారు. ఓనరమ్మ నూనె చేతులు ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. పొయ్యి మీద చాయ్ పొంగితే నేను లేచి కట్టేశాను.

"ముందుగాల చెప్పకపోతివి" అంది.

"చెప్తే ఇల్లిస్తుంటివా అమ్మా?"

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

"ఇయ్యకపోతుంటి" అంది.

మేడం గ్లాసులో చాయ్ పోసి ఆమె ముందు స్టూలు మీద పెట్టారు. ఓనరమ్మ గ్లాసు వైపు చూసింది. నా వైపు చెయ్యి చాచి, "జర లేపు బిడ్డా" అంది. లేపాను. మెట్లు దిగి వెళ్లిపోయింది. చాయ్ మీద మీగడ కట్టేదాకా మేడం ఆ గ్లాసు ఎదురుగానే కూర్చున్నారు, చివరికి సింకులో పోసేశారు. ఆ తర్వాత ఓనరమ్మ పైకి రాలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమని కూడా అనలేదు. ఆమె కొడుకు హైదరాబాదు నుంచి ఫోను చేసి ఇంటికి రంగులు వేయించాలి అన్నాడు, అంతే.

పరీక్షలు అయ్యాక మేడం ఊరి చివర సారు కొన్న జాగాలో రెండు గదులు వేసుకుని వెళ్లిపోయారు. సామాను ఎక్కిస్తుంటే ఓనరమ్మ గేటు దాకా వచ్చింది. "పైలం, మంచిగుండు" అంది. మేడం, "ఒకసారి రా అమ్మా, చాయ్ తాగిపోదువు" అన్నారు. "కాళ్లు వస్తలేవు బిడ్డా" అంది ఆమె. ఇద్దరి మధ్య జరిగిన చివరి సంభాషణ అది. ఒకే ఊళ్లో, ఆటోలో పది నిమిషాల దూరంలో, ఏళ్లు గడిచాయి. నేను అప్పటికి దేవరకొండలో ఉద్యోగానికి వచ్చేశాను.

మళ్లీ ఆ నవల చెప్పినప్పుడు మేడం క్లాసులో ఎడమ చెయ్యి ఎత్తి చూపించి, కథంతా తన నోటితోనే చెప్పారట. కొందరు పిల్లలు మర్నాటి నుంచి వెనక బెంచీలకు జరిగారు, వెనక కూర్చునేవాళ్లు కొందరు ముందుకు వచ్చారు. "క్లాసు సంఖ్య మాత్రం తగ్గలే" అని ఫోనులో నవ్వారు. ఆమె అంత తేలిగ్గా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

నాలుగు నెలల కింద చూడడానికి వెళ్లాను. కిడ్నీలు చెడి ఒళ్లంతా నీరు పట్టింది. ఉంగరం వేలిలో దిగబడిపోతుంటే బంగారం పనిచేసే అవుసలాయన వచ్చి కోసి తీశాడు. వేలి మీద నల్లటి మచ్చ ఉండిపోయింది. "ఇగ ఏ చేతికీ పట్టదు, ఫికర్ పోయింది" అన్నారు. మేడం పాఠాల గురించి, మా బాపు గొర్ల గురించి మాట్లాడుకున్నాం. లేవబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఓనరమ్మ మంచిగుందా?"

"ఉన్నది మేడం."

"కోపం లేదు నాకు. నేనెవరో తెలిసినంక ఒక్కపారి నా ఇంట్ల చాయ్ తాగుతే చాలు. గంతే నాకున్న కోరిక."

వెళ్లి చెప్తానన్నాను. చెప్పాను కూడా. ఓనరమ్మ కళ్లు తుడుచుకుంది. వస్తాననలేదు, రాననలేదు. మేడం పోయేదాకా రాలేదు.

దేవరకొండ నుంచి బస్సులో నల్లగొండ వస్తూ ఆమెకు ఫోను చేశాను. చెప్పాలని చేశానంతే. "నన్ను గూడ తీస్కపో" అంది. మేడంను అత్తగారి ఊరికి తీసుకుపోయారని తెలిసి, కారు మాట్లాడుకుని ఓనరమ్మ ఇంటికి పోయేసరికి గేటు దగ్గర చెప్పులేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. కొడుకు వద్దన్నాడట. చిట్యాల దాటాక, "వాళ్లు నన్ను ముఖం చూడనిస్తరా?" అని అడిగింది. చూడనిస్తారన్నాను. నాకు ఆమె మీద జాలి కలగలేదు. బతికుండగా పది నిమిషాల దూరం పోలేని కాళ్లు ఇప్పుడెట్లా వచ్చాయి అని అడగాలనిపించింది. పెద్ద మనిషని ఊరుకున్నాను.

ముఖం చూడనిచ్చారు. దారిచ్చి, కుర్చీ తెచ్చి వేశారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు, ఆడవాళ్లు పాటలు పాడారు. సమాధి దగ్గర అందరూ పిడికెడు మట్టి వేస్తుంటే, "నేనేం జెయ్యాలె" అని నన్నడిగింది. చూపించాను. రెండు చేతులతో వేసింది. సారు పక్కనే మేడంను పెట్టి ఇంటికొచ్చాం.

వాకిట్లో షామియానా కింద కూర్చోబెట్టారు. పూడ్చి వచ్చాక అందరికీ చాయ్ ఇవ్వడం అక్కడి పద్ధతి. మేడం ఆడబిడ్డ కూతురు స్టీలు గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని తిరుగుతోంది. నాకిచ్చింది. ఓనరమ్మ దగ్గరికి రాగానే గ్లాసు అందించకుండా లోపలికి పోయి, మూత తియ్యని నీళ్ల సీసా తెచ్చి వినయంగా పట్టుకుని నిలబడింది. పెద్దకులం వాళ్లు ఇంటికొస్తే ఇచ్చేది అదే. మూత తియ్యని సీసా అయితే వచ్చినవాళ్లకూ ఇబ్బంది లేదు, కాదంటే ఇచ్చినవాళ్లకూ అవమానం లేదు. ఆ పిల్లకు ఇది ఎవరూ ప్రత్యేకంగా నేర్పి ఉండరు.

ఓనరమ్మ సీసా వైపు చూసింది. అందుకోలేదు.

"అందరు తాగేది నాకియ్యవా బిడ్డా?" అంది.

పిల్ల బిత్తరపోయి గడప వైపు తల తిప్పింది. అక్కడ మేడం ఆడబిడ్డ, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు చేతుల్లో గ్లాసులతో నిలబడి ఉన్నారు. ఆడబిడ్డ లోపలికి పోయి తనే ఒక గ్లాసు పట్టుకొచ్చి, అంచు కొంగుతో తుడిచి ఇచ్చింది. ఓనరమ్మ రెండు చేతులతో పట్టుకుంది. కొంచెం చాయ్ చీర మీద ఒలికింది. ఏమి లాభమమ్మా ఇప్పుడు, అని నా నోటి దాకా వచ్చింది. ఆమె ఏడుస్తూనే తాగుతోంది, ఆగి ఆగి. ఆమె గ్లాసు ఖాళీ అయ్యేదాకా గడపలో ఉన్న ఆడవాళ్లలో ఒక్కరూ తమ గ్లాసు నోటి దాకా తీసుకుపోలేదు.